కిట్టు పలికిన సాక్ష్యము

వార్షిక సంచికకు ఏదైన ఒక వ్యాసము వ్రాసి ఇమ్మని సంపాదక మండలి విద్యార్థులు అడిగినప్పుడు, ఏటేట ఇచ్చునట్లే ఎలక్ట్రానిక్స్ రంగపు ప్రగతిని గురించి నాలుగు మంచి మాటలు వ్రాసి ఇత్తుమనుకొన్నాము. కాని ప్రయోగశాల బీరువాలో ఉన్న ఒక రికార్డు పుస్తకము మమ్ములను ఆ పని చేయనీయలేదు. దానిలో ఒక పుటపై మా చేతి ఎర్ర సిరా గీతలు రెండు ఉన్నవి. రెండును తప్పు గీతలే. విద్యార్థిని వ్రాసినది సరియైనది. గురుస్థానంలో కూర్చుండి దానిని కొట్టివేసిన వారము మేము. ఆ రెండు గీతల కథయే ఈ వ్యాసము.

మా ప్రయోగశాలలో 8085 మైక్రోప్రాసెసరు ట్రెయినర్ కిట్లు పన్నెండు ఉండెడివి. ఈ కళాశాలలో చదివి వెళ్లిన పెద్దలకు వాటిని వర్ణింప బనిలేదు. పచ్చని పలక, దానిపై ఎర్రగా వెలిగే ఆరు అంకెల గడులు, ప్రక్కన అరిగిన మీటలు. ప్రోగ్రామును ఒక్కొక్క సంకేతముగా వ్రేలితో నొక్కి ఎక్కించవలెను. ఒక్క అంకె తప్పినను మొత్తము వ్యర్థము. ఆగుమని చెప్పు ఆజ్ఞకు సంకేతము 76 అని నిద్రలో లేపి అడిగినను చెప్పగలవారు మన పట్టణంలో ఇప్పటికిని ఎందరో కలరు. ఇంటెల్ సంస్థ 8085ను 1976లో వెలువరించినది. అంతకు ముందటి 8080కి మూడు విధముల విద్యుత్ పీడనములు కావలసియుండగా దీనికి 5 వోల్టులు ఒక్కటే చాలును. పేరు చివరి 5 అంకె అందులకే వచ్చినది. ఇతర దేశములలో అది అంగళ్ల నుండి మాయమై ఎంతో కాలమైనను, మన దేశపు కళాశాలలలో మాత్రము తరతరముల విద్యార్థులకు అక్షరాభ్యాసము చేయించినది ఆ చిప్పే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కళాశాల మూతబడినది. తిరిగి తలుపులు తీసి చూచునప్పటికి పన్నెండు కిట్లలో ఏడు మూగవోయినవి. కొన్నింటి మీటల క్రింద త్రుప్పు, ఒకదానిలో బల్లి గుడ్లు. క్రొత్తవి కొనుటకు నిధులు ఎక్కడివి? అప్పుడు మాకొక ఆలోచన తోచినది. కిట్టు చేయు పనిని కంప్యూటరులోనే చేసి చూపు అనుకరణ ప్రోగ్రామును, అనగా ఎమ్యులేటరును మేమే వ్రాసినచో విద్యార్థులు ఇంటివద్దనే అభ్యసించవచ్చును గదా! పాఠ్యగ్రంథమును ముందు పెట్టుకొని సి భాషలో రెండు నెలలు కూర్చుండి వ్రాసినాము. చక్కగా పని చేసినది. కమిటీ పెద్దలు మెచ్చుకొన్నారు. వారిలో ఒకరు, ఇక ఈ పాత కిట్లను కబాడీకి వేసి ఆ గదిలో కుర్చీలు వేయించరాదా అని కూడ అన్నారు. మేము తల ఊపినాము. ఆ తల ఊపుట ఇప్పుడు తలచుకొన్న సిగ్గు కలుగును.

2022 ఫిబ్రవరిలో ఫ్లాగు రిజిస్టరు ప్రయోగము జరిగినది. ఇతర శాఖల విద్యార్థుల కొరకు రెండు మాటలు. ప్రాసెసరు ఒక లెక్క చేసిన పిమ్మట ఫలితము ఋణమైనదా, సున్నయైనదా, చేతిలో ఒకటి మిగిలినదా అను సంగతులను ఎనిమిది బిట్ల చిన్న గూటిలో గుర్తులుగా ఉంచుకొనును. అవే ఫ్లాగులు. ఎనిమిది గదులున్నను పుస్తకం ప్రకారము ఫ్లాగులు ఐదే. మిగిలిన మూడు గదులలో గుణకార చిహ్నము వంటి గుర్తు వేసి వదలివేయుదురు. ప్రయోగంలో రెండు సంఖ్యలను కూడి లేక తీసివేసి, ఫ్లాగులను పుష్ ఆజ్ఞతో స్టాకుపై పెట్టి, పాప్ ఆజ్ఞతో మరియొక రిజిస్టరులోనికి దింపి, ఆ విలువను చదివి వ్రాయవలెను.

తరగతిలో నలుబది మంది. ముప్పది తొమ్మండుగురు మా ఎమ్యులేటరుతో చేసి తెచ్చినారు. ఒక్క అమ్మాయి ఇంట మాత్రము కంప్యూటరు లేదు, ఉన్న ఫోను అన్నగారితో పనికి పోవును. ఆమె బ్రతికియున్న ఐదు కిట్లలో ఒకదానిపై చేసినది. 40కి 40 కలిపిన 80 వచ్చును. ఇవి హెక్సాడెసిమల్ అంకెలని గుర్తుంచుకొనవలెను. అప్పటి ఫ్లాగుల విలువ 82 అని ఆమె వ్రాసినది. 01 నుండి 02 తీసివేసినప్పుడు ఏ5 అని వ్రాసినది. తక్కిన రికార్డులన్నింటను 80 అనియు 85 అనియు ఉన్నవి. మా ఎమ్యులేటరు కూడ అదియే చెప్పినది. మేము రెండింటిని కొట్టివేసి, ప్రయోగము చేయకయే అంకెలు వేసినట్లున్నదని తరగతి ఎదుట అన్నాము.

“కిట్టులో ఇదే వచ్చింది సార్” అని ఆమె మెల్లగా అన్నది. ఇంకొక మాట అనలేదు.

మాట్లాడినది మా ల్యాబ్ అటెండరు. అందరును చాచా అని పిలుచు ఆ పెద్దమనిషి ముప్పది ఏండ్లుగా ఆ గది తాళము మోయుచున్నాడు. తరగతి అయిన పిదప మా బల్ల దగ్గరకు వచ్చి, “సాబ్, ఆ బచ్చీ మూడు దినాలు పొద్దున ఎనిమిదింటికే వచ్చి చేసింది. తాళం తీసింది నేనే. కొట్టిన అంకెలు మళ్ల మళ్ల కొట్టింది” అన్నాడు.

నాటి సాయంకాలము మేము కిట్టు ముందు కూర్చుండి ఆ ప్రోగ్రామును ఎక్కించినాము. గడిలో 82 అని వెలిగినది. కిట్టు చెడినదని తలచి రెండవది తీసినాము. 82. మూడవది, నాలుగవది, ఐదవది. ఐదింటిపైనను మొదటి లెక్కకు 82, రెండవ లెక్కకు ఏ5. ఒక కిట్టు చెడవచ్చును గాని ఐదు కిట్లు ఒకే విధముగా చెడుట మేము ఎరుగము.

పుస్తకము తీసి చూచినాము. మూడు గదులలో అదే గుణకార చిహ్నము. అప్పుడు మా తప్పు ఎక్కడ జరిగినదో మొదటిసారి కంటబడినది. ఆ గుర్తునకు అర్థము ‘అచ్చట సున్న ఉండును’ అని కాదు. ‘అచ్చట ఏమి ఉండునో మేము హామీ ఇయ్యము’ అని. పుస్తకము మౌనము వహించిన చోట మేము సున్న వ్రాసికొన్నాము. సిలికాను మౌనము వహింపజాలదు. ఆ గదిలో ఒకటియో సున్నయో ఏదో ఒకటి ఉండియే తీరవలెను, అది వైరుల అల్లికను బట్టి ఏర్పడును. కాగితముపై హామీ లేకున్నను ఐదు కిట్లును ఒకే మాట పలుకుటకు కారణమదియే.

ఇక్కడ మేము రెండవ తప్పు చేసినాము. అది మొదటిదానికంటె హాస్యాస్పదమైనది. 8080 గ్రంథములో ఆ మూడు గదుల గురించి స్పష్టముగా ఉన్నది: కుడినుండి రెండవ గదిలో ఎల్లప్పుడు 1, తక్కిన రెండింట 0. 8085 ఆ వంశములోనిదే గనుక ఇదే సూత్రమని నిశ్చయించుకొని ఎమ్యులేటరును మార్చినాము. 80 కాస్త 82 అయినది! ఎంతో తృప్తితో యంత్రము కట్టివేసి ఇంటికి పోయినాము. మరునాడు ఉదయము రెండవ లెక్క వేసి చూడగా మా ఎమ్యులేటరు 87 అన్నది. కిట్టు ఏ5 వద్దనే నిలిచియున్నది. 82 సరిపోవుట కేవలము కాకతాళీయము. ఒక్క లెక్క సరిపోయినంతనే సూత్రము దొరికినదని నమ్మవద్దని ఏటేట పాఠము చెప్పు మేమే ఒక రాత్రి హాయిగా నిద్రపోయినాము!

వెదకగా వెదకగా అసలు సంగతి దొరికినది. 1979 జనవరిలో ‘ఎలక్ట్రానిక్స్’ అను అమెరికన్ పత్రికలో పశ్చిమ జర్మనీకి చెందిన డెన్‌హార్ట్, సోరెన్సెన్ అను ఇద్దరు ఒక వ్యాసము ప్రకటించినారు. 8085లో పుస్తకమునకు ఎక్కని ఆజ్ఞలు పది, పుస్తకమునకు ఎక్కని ఫ్లాగులు రెండు ఉన్నవని దాని సారాంశము. 256 సంకేతములలో ఇంటెల్ ప్రకటించినవి 246. మిగిలిన పది ఖాళీలని అందరును అనుకొన్నవి ఖాళీలు కావు. పదియును చక్కగా పని చేయు ఆజ్ఞలు. రెండు ఫ్లాగులలో ఒకదానిని తరువాతివారు వి అనియు రెండవదానిని కె అనియు పిలిచినారు. ఆ విద్యార్థిని అంకెలను ఈ వెలుగులో చూచినాము. 40 అనగా మన లెక్కలో 64. 64కు 64 కలిపిన 128. చిహ్నముతో కూడిన ఎనిమిది బిట్ల సంఖ్యలో 127 దాటరాదు, కనుక పాత్ర పొర్లినది. వి ఫ్లాగు చెప్పునది ఆ పొర్లుటనే. 82లోని 2 అదియే. రెండవ లెక్కలో పొర్లుట లేదు, వి సున్న. కాని చిహ్నములతో పోల్చినప్పుడు 1 కంటె 2 పెద్దది, తీసివేతలో మొదటిది చిన్నదైనది. ఆ సంగతిని కె చెప్పును. 85 ఏ5 అగుటకు కారణమదియే. ఆమె వ్రాసిన రెండు అంకెలలో తప్పు లేకపోవుట ఒక్కటియే కాదు, మేము పాఠములో ఎన్నడును చెప్పని రెండు సత్యములు ఆ అంకెలలో ఉండినవి.

చేసిన ఫ్లాగులను దాచనేల? ఇంటెల్‌లో ఆ ప్రాసెసర్లను రూపొందించిన వారే 1980లో తమ వంశచరిత్రను ఒక వ్యాసముగా వ్రాసినారు. 8085కు మరికొన్ని ఆజ్ఞలు తలపెట్టినను, వాటికి కావలసిన సాఫ్ట్‌వేరు భారమును, రాబోవు 8086పై పడు బంధమును తలచి బయటపెట్టలేదని అందులో ఉన్నది. ఒకసారి గ్రంథమునకు ఎక్కిన ఆజ్ఞ వంశపారంపర్యపు ఋణము వంటిది, కొడుకులును మనుమలును దానిని తీర్చవలెను. అందుచేత సిలికానులో ఉన్నదానిని గ్రంథములో లేనట్లు చేసినారు. వ్యాపార దృష్టితో అది సబబే కావచ్చును. కాని మా వంటి బోధకులు గ్రంథమునే సిలికాను అని భ్రమించిన ఫలితము ఒక విద్యార్థిని రికార్డుపై పడినది.

ఇదంతయు తెలిసిన పిదప, మేము రెండు దశాబ్దములుగా కంఠస్థము చేయించుచున్న నియమములను తిరిగి చూడ మొదలిడినాము. వాటిలో చాల భాగము ఎవరో ఆలోచించి విధించిన ధర్మములు కావు. ఏదో ఒక యంత్రపు అవిటితనమో ఇరుకో కాలక్రమమున శాస్త్రమైనది.

ఉదాహరణకు డీసీఎక్స్. రెండు రిజిస్టర్ల జంటనుండి ఒకటి తగ్గించు ఆజ్ఞ ఇది. ఆలస్యము కలిగించు చక్రము వ్రాయునప్పుడు, తగ్గించి, సున్న కానిచో వెనుకకు దూకుమని వ్రాయుట సహజము. ప్రతి సంవత్సరము సగము తరగతి అట్లే వ్రాయును, చక్రము ఎన్నటికి ఆగదు, లేక ఒక్క చుట్టుతో ముగియును. డీసీఎక్స్ ఏ ఫ్లాగును తాకదు, కనుక రెండు భాగములను ‘ఆర్’ చేసి చూడవలెను అని మేము బల్ల చరచి చెప్పుదుము. ఎందుకు తాకదు? లెక్కలు చేయు ఏఎల్‌యూ వేరు, పదహారు బిట్ల చిరునామాలను ఒకటి పెంచి తగ్గించు చిన్న యంత్రము వేరు. రెండవది ఏఎల్‌యూ దారిన పోక రిజిస్టర్ల ప్రక్కనే ఉండి, ప్రతి ఆజ్ఞను తెచ్చుకొనునప్పుడు ప్రోగ్రాము కౌంటరును ముందుకు జరపుచుండును. డీసీఎక్స్ ఆ యంత్రమునే ఎరువు తెచ్చుకొనును గనుక ఫ్లాగులకు కబురు అందదు. నియమమునకు మూలమింతే. అయితే 8085లో కె ఫ్లాగునకు ఆ యంత్రమునుండి కూడ ఒక తీగ ఉన్నది. జంట 0000 దాటి వెనుకకు పోయినచో కె వెలుగును, దానిని చూచి దూకు ఆజ్ఞ కూడ ఆ పది రహస్య ఆజ్ఞలలో ఉన్నది. అనగా సగము తరగతి ఏటేట ఏ సౌకర్యమును కోరి తప్పు చేయుచున్నదో, ఆ సౌకర్యము వారి చేతిక్రింద చిప్పులోనే ఉండినది. కాకున్న ఒక చుట్టు ఎక్కువ తిరుగును, అది సర్దుకొనవచ్చును. 2013లో చిప్పు ఛాయాచిత్రములనుండి తీగలను ఒక్కొక్కటిగా అనుసరించి ఈ సంగతిని రూఢి చేసిన పరిశోధన ప్రకటితమైనది.

మరియొకటి: చిరునామా వ్రాయునప్పుడు చిన్న భాగము ముందు, పెద్ద భాగము వెనుక. 2050కి దూకుమనినచో 50 ముందు నొక్కి తరువాత 20 నొక్కవలెను. ఉర్దూ కుడినుండి వ్రాయుదుము గనుక మాకిది సులువేనని మా విద్యార్థులు నవ్వుకొందురు. ఈ ఆచారము పుట్టినది అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున, శాన్ ఆంటోనియో నగరంలో. అక్కడి కంప్యూటర్ టెర్మినల్ కార్పొరేషన్ అను సంస్థ 1970లో డేటాపాయింట్ 2200 అను యంత్రమును ప్రకటించినది. దాని ప్రాసెసరు సంఖ్యను మొత్తముగా గాక ఒక్కొక్క బిట్టుగా నమలుచు పోవును. కూడికలో చేతిలో మిగిలినది చిన్న స్థానమునుండి పెద్ద స్థానమునకు పోవును గదా, కనుక ఆ యంత్రమునకు చిన్న భాగమే ముందు కావలెను. ఆ యంత్రపు ఆజ్ఞలను ఒక్క చిప్పులో ఇముడ్చ పూనుకొన్న ఇంటెల్ 1972లో 8008ను వెలువరించినది. టెర్మినల్ వారు దానిని వాడుకొనలేదు. ఇంటెల్ చిప్పు బిట్టు వెంట బిట్టు నమలునది కూడ కాదు. అయినను క్రమము నిలిచినది. 8008 నుండి 8080కి, 8085కి, 1978లో 8086కి, దాని సంతతియై నేడు మన కార్యాలయ బల్లలపై ఉన్న కంప్యూటర్లకు అది వచ్చినది. 8080లో ఎల్లప్పుడు 1గా ఉండిన రెండవ గది కూడ అట్లే వచ్చి, నేటి ఇంటెల్ ప్రాసెసరు ఫ్లాగులలో ఎల్లప్పుడు 1గానే ఉన్నది. నడుమ 8085 ఒక్కటి దానిని వి కొరకు వాడుకొని, ఆ మాట ఎవరికిని చెప్పలేదు.

ఇంటి పెద్ద కుంటుచు నడచిన దారిలో పిల్లలందరును కుంటినట్లు, అవిటితనమును కాపాడుటకే క్రొత్త యంత్రము కట్టిన సందర్భములును ఉన్నవి. 1981 నాటి ఐబీఎం పీసీలోని 8088కు చిరునామా తీగలు 20. ఒక మెగాబైటు దాటిన చిరునామా చుట్టు తిరిగి సున్నకు చేరును. 8080 కాలపు సీపీఎం పద్ధతిలో ప్రోగ్రాములు 5వ చిరునామాను పిలిచి సేవలు పొందెడివి. ఆ అలవాటును నిలుపుటకు డాస్‌లో చేసిన ఏర్పాటు ఈ చుట్టు తిరుగుటపైననే ఆధారపడినది. 1984లో వచ్చిన ఏటీ యంత్రములోని 80286కు 24 తీగలు. అది చుట్టు తిరుగక నేరుగా ముందుకు పోవును, అందుచేత పాత ప్రోగ్రాములు చెడును! అప్పుడు ఐబీఎం వారు ఇరువది ఒకటవ తీగకు ఒక తలుపు పెట్టి, ఆ తలుపు తాళమును కీబోర్డు నియంత్రణ చిప్పులో ఖాళీగా ఉన్న ఒక కాలికి కట్టినారు. కీబోర్డునకును మెమొరీకిని ఏమి సంబంధమని అడిగినవానికి చరిత్ర తప్ప వేరు సమాధానము లేదు. ఆ కాలపు పీసీని అనుకరింప దలచినవాడు ఆ తలుపును కూడ కట్టవలెను.

అయినచో ఎమ్యులేటరు ఎంతవరకు నిజమైనదై ఉండవలెను? మా వంటివారు మొదట అనుకొనునది, గ్రంథములోని ఆజ్ఞలన్నియు పని చేసిన చాలునని. అది చాలదు. 6502 అను ప్రాసెసరులో పరోక్షముగా దూకు ఆజ్ఞకు ఒక లోపముండెడిది. చిరునామా ఒక పుట చివరి గదిలో మొదలైనచో రెండవ సగమును తరువాతి పుటనుండి గాక అదే పుట మొదటినుండి తెచ్చుకొనును. దాని తరువాత వచ్చిన 65సి02లో ఆ లోపమును సవరించినారు. 6502ను అనుకరించువాడు ఆ లోపమును సవరింపరాదు, ఉన్నదున్నట్లు చేయవలెను. ‘మంచి’ ఎమ్యులేటరు మూలముకంటె మంచిదై యుండరాదనుట మాకు మొదట వింతగా తోచినది. కాలము సంగతియు అట్లే. షరతుతో దూకు ఆజ్ఞ 8080లో దూకినను దూకకున్నను 10 స్థితులు తీసికొనును. 8085లో దూకినచో 10, లేనిచో 7. ఈ మూడు స్థితుల తేడాను లెక్కింపని ఎమ్యులేటరుపై ఆలస్య చక్రము వ్రాసిన విద్యార్థి, కిట్టునకు కట్టిన స్టెప్పరు మోటారు ఎందుకు కుదురుగా తిరుగలేదని ఆశ్చర్యపడును.

కావున కిట్టునే సాక్షిగా నిలిపి ప్రతి ఆజ్ఞను పరీక్షింప పూనుకొన్నాము. ఎనిమిది బిట్ల సంఖ్యల జంటలు మొత్తము 65,536. ఒక ఆజ్ఞను ఆ జంటలన్నింటిపై నడిపి, ప్రతిసారి వచ్చు ఫలితమును ఫ్లాగులను ఒక మొత్తములో కూడుచు పోయి, చివరకు ఆ మొత్తమును గడిలో చూపు చిన్న ప్రోగ్రామును వ్రాసినాము. కిట్టునకు రెండు మూడు క్షణముల పని. అదే ప్రోగ్రామును ఎమ్యులేటరుపై నడిపి పోల్చినాము. ఒక్క బిట్టు తేడా వచ్చినను మొత్తము మారును. కూడికలు, తీసివేతలు వి, కె చేర్చిన పిదప సరిపోయినవి. ‘అండ్’ చేయు ఏఎన్ఏ మాత్రము సరిపోలేదు. మూడు దినములు తల పట్టుకొని చూడగా అది మా బద్ధకమని తేలినది. ‘అండ్’, ‘ఆర్’, ‘ఎక్స్‌ఆర్’ మూడును ఒకే జాతివని తలచి, మూడింటికిని ఆక్సిలరీ క్యారీని సున్న చేసినాము. 8085లో ‘అండ్’ మాత్రము దానిని ఎల్లప్పుడు 1 చేయును. 8080లో మరియొక విధము, రెండు సంఖ్యలలో కుడినుండి నాలుగవ బిట్లను ‘ఆర్’ చేసినచో వచ్చునది. ఈ భేదము ఇంటెల్ వారి గ్రంథములోనే అచ్చయి ఉన్నది, చదువక వదలినది మేము. ఫలితము స్వల్పము కాదు. అంకె 5ను ‘అండ్’తో వేరు చేసి వెంటనే డీఏఏ వేసినచో కిట్టుపై 0బి వచ్చును, మా ఎమ్యులేటరుపై 5 వచ్చుచుండెను. ఇంటివద్ద సరిగా వచ్చిన ప్రోగ్రాము ప్రాక్టికల్ పరీక్షలో తప్పగుటకు ఇంతకంటె ఏమి కావలెను? తరువాత విచారించగా ముందటి సంవత్సరము ఇద్దరు విద్యార్థులు సరిగా అట్లే నష్టపోయినట్లు తెలిసినది. వారికి మేము చేయగలిగినది ఏమియు లేదు, అప్పటికే ఫలితములు వెలువడినవి.

ఈ అమ్మాయి విషయము మాత్రము మా చేతిలోనే ఉన్నది. మార్కులు సరిచేసినాము. తరగతి ఎదుట అన్న మాటను తరగతి ఎదుటనే వెనుకకు తీసికొన్నాము. ఐదు కిట్లను వరుసగా బల్లపై పెట్టి, ఆమె చేతనే ప్రోగ్రాము ఎక్కించి అందరికిని చూపించినాము. చాచా తలుపు దగ్గర నిలువబడి చూచినాడు. ఆమె ముఖములో గర్వముగాని కోపముగాని కనబడలేదు. అన్నియు అయిన పిదప ఒక ప్రశ్న అడిగినది: “పరీక్షలో ఏది వ్రాయాలి సార్? పుస్తకంలో ఉన్నదా, కిట్టులో వచ్చినదా?”

ఇరువది ఏండ్ల అధ్యాపక జీవితంలో మమ్ములను అంతగా తడబడజేసిన ప్రశ్న లేదు. పరీక్షకుడు పై ఊరినుండి వచ్చును, ఆయన వద్ద ఉండునది గ్రంథము. 82 అని చూచి ఆయనయు ఎర్ర సిరా తీయవచ్చును. ఆ పూట ఆలోచించుకొని మరునాడు చెప్పినాము: చదివిన అంకెను చదివినట్లే వ్రాయుము. దాని క్రింద ఎనిమిది గదులు గీసి, పుస్తకము హామీ ఇచ్చిన ఐదింటిని వేరుగా చూపుము. మిగిలినవి ఈ చిప్పుపై ఇట్లు కనబడినవని ఒక వాక్యము చేర్చుము. నాటినుండి మా ప్రయోగశాలలో అందరును అట్లే వ్రాయుచున్నారు.

కమిటీ పెద్దలకు ఈ పుటల ద్వారా ఒక మనవి. కిట్లను కబాడీకి వేయుటకు అప్పుడు తల ఊపినవారము మేమే. ఇప్పుడు ఆ ఐదింటిలో నాలుగు పని చేయుచున్నవి. నాలుగింటిని కాకున్న రెండింటినైనను, వాటి విద్యుత్ పెట్టెలతో సహా, ఉంచుకొననిండు. ఎమ్యులేటరులో ఏ మార్పు చేసినను అది నిజమో కాదో అడుగుటకు మాకు వేరెవ్వరు లేరు. కుర్చీలు వరండాలో వేయించవచ్చును.

ఆ ఏడు ప్రాక్టికల్స్‌కు వచ్చిన పరీక్షకుడు ఆమె జవాబు పత్రముపై 82 చూచి కలము ఆపినారు. క్రింది వాక్యము చదివినారు. “ఏది, చూపించు తల్లీ” అన్నారు. ఆమె కిట్టు మీటలు నొక్కినది. ఆయన గడిలోని అంకెను చూచి, 20ను 10 చేయించి, మరియొక జంట ఇచ్చి, మరల చూచినారు. తరువాత జేబులోని చిన్న పుస్తకము తీసి అందులో ఏదో వ్రాసికొని తరువాతి విద్యార్థిని పిలిచినారు.